సుడో లేని ల్యాబ్ సిస్టమ్‌లో వెన్వ్: పిప్ ఎలా తెచ్చుకోవాలి?

విజయనగరంలో మా కాలేజీ ల్యాబ్ సిస్టమ్, ఉబుంటు 24.04, పైథాన్ 3.12. నాకు సుడో (అడ్మిన్ హక్కులతో కమాండ్లు నడిపే అనుమతి) లేదు. అడ్మిన్ సార్ సిరిమానోత్సవం సెలవులయ్యాకే వస్తారట, నా డెమో అంతకంటే ముందే ఉంది, అదీ టెన్షన్.

మొదట మామూలుగా పిప్ (పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే టూల్) ఇన్‌స్టాల్ కొడితే 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్' అని ఆపేసింది. సరేనని యూజర్, బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ ఆప్షన్లు రెండూ పెట్టి హోమ్‌లోని డాట్ లోకల్ ఫోల్డర్‌లోకి ఎక్కించాను. ఎక్కింది కానీ పాత ప్రాజెక్టుకి నంపై (లెక్కల లైబ్రరీ) 1.26 కావాలి, కొత్తదానికి 2 కావాలి, రెండూ ఒకే ఫోల్డర్‌లో ఇమడవు కదా, ఒకటి నడిస్తే ఇంకోటి ఇంపోర్ట్ దగ్గరే పడిపోతోంది. ఈ పద్ధతి ఇంక వద్దనుకుని ఆ ప్యాకేజీలన్నీ తీసేశాను.

తర్వాత వెన్వ్ (ప్రాజెక్టుకో విడి పైథాన్ ఫోల్డర్) చేయబోతే 'ఎన్‌ష్యూర్‌పిప్ ఈజ్ నాట్ అవైలబుల్', పైథాన్ 3.12 వెన్వ్ ప్యాకేజీని ఉబుంటు ఆప్ట్ కమాండ్‌తో వేసుకోమంది. దానికి మళ్ళీ సుడో! వితౌట్ పిప్ ఆప్షన్ ఇస్తే మాత్రం ఫోల్డర్ తయారైంది, యాక్టివేట్ కూడా అయింది, ప్రాంప్ట్ ముందు బ్రాకెట్‌లో దాని పేరు కనిపిస్తోంది. అయినా 'విచ్ పిప్' అంటే సిస్టమ్ పిప్‌నే చూపిస్తోంది, ఇన్‌స్టాల్ కొడితే మళ్ళీ మొదటి ఎర్రరే.

మినీకాండా (సొంత పైథాన్‌తో వచ్చే వేరే ప్యాకేజీ మేనేజర్) వేసుకోమని ఫ్రెండ్ అన్నాడు గానీ నా హోమ్ కోటాలో 1.8 జీబీయే మిగిలింది, అది చివరి దారిగా ఉంచుకున్నాను.

ఈ వెన్వ్‌లోకే సుడో లేకుండా పిప్ తెచ్చుకోవాలంటే గెట్‌-పిప్ స్క్రిప్ట్‌ని వెన్వ్ పైథాన్‌తో నడిపితే సరిపోతుందా, లేక దీన్ని తీసేసి వర్చువల్‌ఎన్వ్ అనే వేరే టూల్‌తో కొత్తది చేసుకోవాలా?