ఆయుష్షే డబ్బయితే వడ్డీ లెక్క ఎలా?

అనంతపురం నేపథ్యంగా ఒక సైన్స్ ఫిక్షన్ కథ రాస్తున్నాను. అందులో కూలి ఆయుష్షు రూపంలో ఇస్తారు. బిందెడు నీళ్లకు 20 నిమిషాలు పోతాయి. వేరుశనగ ఎండిపోయిన రైతు విత్తనాల కోసం ఏడాది ఆయుష్షు అప్పు తెస్తాడు. అక్కడే ఆగిపోయాను.

1827లో జోసయా వారెన్ అనే సంస్కర్త అమెరికాలోని సిన్సినాటిలో తెరిచిన దుకాణంలో, అమ్మేవాడి సమయానికి బదులుగా శ్రమ గంటల చీటీలు, అంటే ఇంతసేపు పని చేసిపెడతామని రాసిన హామీలు, తీసుకునేవారు. అక్కడ గంటకు గంటే. నా కథలో వడ్డీ ఉంది. ఆ అదనపు గంటలు ఎక్కడ పుడతాయి? రైతు చనిపోతే బాకీని బిడ్డ ఆయుష్షులోంచి కోయాలా? రాయడానికి చేయి రావడం లేదు. కానీ తండ్రి అప్పు తీర్చడానికి బెంగళూరుకు వలసపోయిన పిల్లలను మా ఊళ్లో చూశాను, దాటవేయలేను. ఆర్థికశాస్త్రం తెలిసినవారు, వడ్డీకి తెచ్చిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.