లైకులు వస్తున్నాయి, ఆర్డర్లు రావట్లేదు: యాడ్ డబ్బు ఎక్కడ పోతోంది?

కుట్టుమిషను:

అందరికీ నమస్కారం. నేనూ మా అక్కా కలిసి కాన్వాస్ గుడ్డతో లాప్‌టాప్ బ్యాగులు కుడతాం. కటింగ్ తనది, మిషను నాది. ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ ఉంది. వెబ్‌సైట్ లేదు, ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే. ఇన్నాళ్లూ తెలిసినవాళ్లు, వాళ్లు చెప్పి పంపినవాళ్లే కొన్నారు. కొత్తవాళ్లను చేరాలని ఈమధ్య యాడ్స్ మొదలుపెట్టాం.

బాగా లైకులు పడిన పోస్టులకు 'బూస్ట్' నొక్కి డబ్బు పెడుతున్నాను. ఫాలోవర్లు పెరుగుతున్నారు. మెసేజ్‌లూ వస్తున్నాయి. కానీ ఎక్కువమంది 'ఎంత?' అని అడుగుతారు, ధర చెప్పగానే ఇక పలకరు. నెలాఖరున చూసుకుంటే యాడ్‌కి పోసిన డబ్బుకీ వచ్చిన ఆర్డర్లకీ పొంతన లేదు.

రోజుకు ఎంత బడ్జెట్ పెడితే ఫలితం కనిపిస్తుంది? ఆడియన్స్‌లో వయసు, ఆసక్తులు ఎలా ఎంచుకోవాలి? ఒక ఏజెన్సీ వాళ్లు పేజీ లాగిన్ ఇస్తే నెలలో పదివేల మంది ఫాలోవర్లను తెచ్చిపెడతామంటున్నారు, ఇవ్వొచ్చా? ఇంట్లో ఈ ఖర్చు గురించి రోజూ టెన్షనే. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నీలిబొత్తాం:

ముందుగా ఒక చిన్న విషయం. ఐఫోన్ యాప్‌లోంచి బూస్ట్ చేస్తున్నారా? అలా చేస్తే కట్టే మొత్తం మీద ఆపిల్ 30 శాతం సర్వీస్ ఫీజు పడవచ్చు. 2024లో వచ్చిన పద్ధతి ఇది. బ్రౌజర్‌లో ఇన్‌స్టాగ్రామ్ తెరిచి అక్కడి నుంచి పెడితే ఆ ఫీజు ఉండదు. పాత బిల్లులు ఒకసారి తీసి చూసుకోండి.

రెండోది, బూస్ట్ వదిలేసి, మెటా (ఇన్‌స్టాగ్రామ్ నడిపే కంపెనీ) వాళ్ల యాడ్స్ పెట్టే టూల్ అయిన యాడ్స్ మేనేజర్‌కి మారండి. మొదట కంగారుగా ఉంటుంది కానీ, ఏ పని కోసం డబ్బు పెడుతున్నారో అక్కడ స్పష్టంగా ఎంచుకోవచ్చు. మిగతాది లెక్కలపుస్తకం గారు వచ్చి చెప్తారు, ఈ విషయాల్లో ఆవిడ మాట నేను వింటాను.

లెక్కలపుస్తకం:

కుట్టుమిషను గారూ, మీరు అడిగిన వరుస కొంచెం మారుస్తాను. బడ్జెట్ ఎంత అన్నది తేలాలంటే, ఒక ఆర్డరు తెచ్చుకోవడానికి మీరు ఎంత ఖర్చు పెట్టగలరో ముందు తేలాలి. నేను చిన్న వ్యాపారాలకు పద్దులు రాస్తూ రాస్తూ వాళ్ల యాడ్స్ కూడా చూడటం మొదలుపెట్టినదాన్ని. ఈ ఒక్క లెక్క వేసుకోకుండా నెలల తరబడి డబ్బు పోసినవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

బ్యాగు అమ్మే ధరను 100 అనుకోండి. గుడ్డ, లైనింగ్, జిప్పు, పట్టీ, ప్యాకింగ్, కొరియర్, మీ ఇద్దరి కూలి అన్నీ తీసేయండి. కూలి తీయకపోతే లెక్క లెక్కే కాదు, దయచేసి అది వదలకండి. మిగిలింది 30 అనుకుందాం. మొత్తం 30 యాడ్‌కి పోస్తే మీకేమీ మిగలదు. సగం, అంటే 15 యాడ్‌కి ఇస్తాం అనుకుంటే, ఒక్కో ఆర్డరుకు యాడ్ ఖర్చు ధరలో 15 శాతం దాటకూడదు. యాడ్స్ భాషలో రోయాస్ అంటారు, ఖర్చుకు ఎన్నింతలు అమ్మకం వచ్చిందని. 30 శాతం మిగిలే సరుకుకు రోయాస్ 3.33 దగ్గర లాభమూ లేదు, నష్టమూ లేదు. మీకు సగం మిగలాలంటే 6.67 రావాలి. 'రోయాస్ 3 వస్తే అదరగొట్టినట్టే' అని వీడియోల్లో చెప్తుంటారు. మీ సరుకు మీద అది నష్టం.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మీకు మెసేజ్‌లు వస్తున్నాయి. అంటే యాడ్ తన పని ఎంతో కొంత చేస్తోంది. 20 మంది మెసేజ్ పెడితే ఒకరు కొంటున్నారనుకోండి. ఆర్డరుకు 15 ఖర్చు పెట్టగలిగితే, ఒక్కో మెసేజ్‌కి మీరు భరించగలిగేది 0.75. అదే 10 మందిలో ఒకరు కొంటే 1.5. యాడ్‌లో ఒక్క అక్షరం మార్చకుండానే మీరు పెట్టగల ఖర్చు రెట్టింపయింది. అందుకే మీ బ్యాగుల విషయంలో నేను ముందు చూసేది టార్గెటింగ్ (యాడ్ ఎవరికి చూపాలో ఎంచుకోవడం) కాదు, చాట్.

'ఎంత?' అన్నవాళ్లకు మీరు ఏం పంపుతున్నారు? అంకె ఒక్కటే పంపితే, ఆ మనిషి చేతిలో మిగిలేది అంకె ఒక్కటే. దాన్ని ఇంకెక్కడో చూసిన అంకెతో పోల్చుకుని వెళ్లిపోతారు. ధర చెప్పండి, దాచకండి. దానితోపాటు బ్యాగు తెరిచి లోపల లాప్‌టాప్ పెట్టిన ఫొటో ఒకటి, కుట్టు దగ్గరగా కనిపించే ఫొటో ఒకటి పంపండి. చివర ఒక ప్రశ్న అడగండి: 'మీ లాప్‌టాప్ 14 అంగుళాలదా, 15.6 అంగుళాలదా?' దీనికి జవాబు చెప్పినవాళ్లు తమ లాప్‌టాప్‌ని మీ బ్యాగులో ఊహించుకున్నట్టే. అక్కడి నుంచి రంగు, అడ్రసు అడగడం తేలిక. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో క్విక్ రిప్లైగా ఇది ఒకసారి రాసి పెట్టుకుంటే, మిషను మీద ఉన్నా రెండు నొక్కుల్లో వెళ్లిపోతుంది. జవాబు ఆలస్యమయ్యేకొద్దీ కొనేవాళ్లు తగ్గిపోతారు. మీరు పడుకున్న వేళల్లో యాడ్ నడిచి పొద్దున్నే జవాబిస్తున్నారేమో కూడా చూసుకోండి.

అదే యాప్‌లో లేబుళ్లుంటాయి. 'ధర అడిగారు', 'సైజు చెప్పారు', 'డబ్బు కట్టారు' అని మూడు చాలు. యాడ్ నుంచి వచ్చిన చాట్‌లో పైన ఆ యాడే కనిపిస్తుంది కాబట్టి ఏ యాడ్ మనిషి ఎక్కడిదాకా వచ్చారో వారానికోసారి కూర్చుని లెక్కపెట్టవచ్చు. అక్క గారిని కూడా కూర్చోబెట్టుకోండి. ఇంట్లో టెన్షన్ తగ్గడానికి అంకెలు ఇద్దరికీ కనిపించడం చాలా అవసరం.

యాడ్‌లోనే ధర, సైజులు, ఎన్ని రోజుల్లో అందుతుందో రాసేయండి. మెసేజ్‌లు తగ్గుతాయి, ఒక్కో మెసేజ్ ఖరీదు పెరుగుతుంది. కంగారు పడొద్దు. ధర చూసి కూడా మెసేజ్ పెట్టినవాళ్లు కొనే మనుషులు.

ఇక బడ్జెట్. యాడ్స్ మేనేజర్‌లో క్యాంపెయిన్, దాని కింద యాడ్ సెట్, దాని కింద యాడ్ అని మూడు అంతస్తులుంటాయి. ఒక యాడ్ సెట్‌కు వారంలో సుమారు 50 ఫలితాలు వస్తే గానీ మెటా సిస్టమ్ మనుషులను ఎంచుకోవడంలో కుదురుకోదు. దాన్ని లెర్నింగ్ ఫేజ్ అంటారు. చిన్న బడ్జెట్‌ను అయిదు యాడ్ సెట్లుగా ముక్కలు చేస్తే ఏదీ అక్కడికి చేరదు. ఒక క్యాంపెయిన్, ఒకే యాడ్ సెట్, అందులో మూడు నాలుగు వేర్వేరు యాడ్లు పెట్టండి. ఫలితం అంటే మీ విషయంలో మెసేజ్ సంభాషణ మొదలవడం. ఒక మెసేజ్ ఎంతకు పడుతోందో చూసి, వారానికి 50 రావడానికి ఎంతవుతుందో లెక్కేసి ఏడుతో భాగించండి. అదే మీ రోజువారీ బడ్జెట్. అంత పెట్టలేకపోతే తక్కువతోనే నడపండి, అంకెలు కుదురుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుందంతే. ఒక రోజు అనుకున్నదానికంటే ఎక్కువ కోసినా, వారం మొత్తం మీద రోజు బడ్జెట్‌కు ఏడింతలు దాటదు. రోజూ బడ్జెట్, ఆడియన్స్ మారుస్తూ ఉంటే లెర్నింగ్ మళ్లీ మొదటికి వస్తుంది, అది మాత్రం చేయకండి.

ఆడియన్స్ గురించి తక్కువే చెప్తాను. మీరు కొరియర్ పంపగలిగే ప్రాంతం పెట్టండి, ఆసక్తులు ఖాళీగా వదిలేయండి. ఎవరికి చూపాలో ఇప్పుడు చాలావరకు ఆ సిస్టమే మీ యాడ్‌కి స్పందించినవాళ్లను చూసి నేర్చుకుంటుంది. 'లాప్‌టాప్' అనే ఆసక్తి పెడితే కొనేవాళ్లూ, రిపేరు చేసేవాళ్లూ, అమ్మేవాళ్లూ అందరూ వస్తారు.

గీతలకాగితం:

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను కానీ వెబ్‌సైట్ గురించి ఎవరూ మాట్లాడలేదు. సైటు పెట్టి మెటా పిక్సెల్ (సైటులో ఎవరేం చేశారో మెటాకు చెప్పే చిన్న కోడ్) తగిలిస్తే సిస్టమ్‌కు మెసేజ్‌లు కాకుండా నేరుగా అమ్మకాలే కనిపిస్తాయి, కొనే మనుషులనే వెతుకుతుంది. అయితే 2021 ఏప్రిల్‌లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 14.5తో ఆపిల్ ట్రాకింగ్‌కు అనుమతి అడగడం తప్పనిసరి చేశాక, పిక్సెల్ ఒక్కటే చాలడం లేదు. అమ్మకాల సమాచారాన్ని సైటు సర్వర్ నుంచే మెటాకు పంపే కన్వర్షన్స్ ఏపీఐ కూడా కలపాలి.

ఇంకొకటి. రిపోర్టులో చూపించే అమ్మకాలు మామూలుగా క్లిక్ చేసిన 7 రోజుల్లో, లేదా క్లిక్ చేయకుండా చూసిన 1 రోజులో జరిగినవి. ఎలాగూ కొనబోయే పాత కస్టమర్ యాడ్ చూసి మర్నాడు కొన్నా అది యాడ్ ఖాతాలోనే పడుతుంది. కాబట్టి బ్యాంకులో పడిన డబ్బుతో సరిచూసుకోవాలి.

కుట్టుమిషను:

ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థ్యాంక్స్ అండీ. రాత్రి అక్కతో కూర్చుని లెక్క వేశాం. కూలి కలిపితే 100కి 26 మిగులుతోంది. ఇన్నాళ్లూ 40 దాకా మిగులుతోందనుకున్నాం. యాడ్‌కి 13 అనుకున్నాం. సైజు అడిగే మెసేజ్ కూడా రాసి పెట్టుకున్నాను.

వెబ్‌సైట్ ఇప్పుడే పెట్టాలా? ఏజెన్సీ సంగతి ఎవరైనా చెప్పండి. వీడియోలు ఎలా తీయాలో కూడా. నావన్నీ టేబుల్ మీద పెట్టి తీసిన ఫొటోలే.

రీలుబండి:

వీడియో గురించి నేను చెప్తాను. ఫోన్ నిలువుగా పట్టుకుని 9:16లో తీయండి. చాలామంది సౌండ్ లేకుండా చూస్తారు కాబట్టి చెప్పాల్సిన మాట తెరమీద అక్షరాల్లో ఉండాలి. ఆ అక్షరాలు కింది మూడో వంతులో పెట్టకండి, రీల్స్‌లో అక్కడ పేజీ పేరూ బటన్లూ వచ్చి కప్పేస్తాయి.

మొదటి మూడు సెకన్లలో లోగో వేయొద్దు. చేయి లాప్‌టాప్‌ని బ్యాగులోకి దించుతున్న షాట్‌తో మొదలుపెట్టండి. తర్వాత ఛార్జర్, నీళ్ల సీసా, పుస్తకం ఒక్కొక్కటీ లోపలికి పోవాలి, జిప్పు మూయాలి, భుజానికి తగిలించుకుని నడవాలి. 15 సెకన్లు చాలు. రెండో వీడియోలో పట్టీ కుట్టే చోట మిషను సూది రెండుసార్లు తిరిగి కుట్టడం దగ్గరగా చూపించండి. పట్టీ తెగిపోతుందేమోనన్న భయం కొనేవాళ్లకు ఎప్పుడూ ఉంటుంది, దానికి జవాబు మీ చేతుల్లోనే ఉంది. వెలుతురు కిటికీ పక్కనుంచి రానివ్వండి. సినిమా పాటలు యాడ్‌లో వాడకండి, హక్కుల సమస్య వస్తుంది. మెటా సౌండ్ కలెక్షన్‌లో ఉచితంగా దొరుకుతాయి.

మెటా యాడ్ లైబ్రరీ తెరిచి బ్యాగులు అమ్మే పేజీల పేర్లు వెతకండి. ఎవరు ఏ యాడ్ నడుపుతున్నారో, ఎప్పుడు మొదలుపెట్టారో ఎవరైనా చూడొచ్చు, డబ్బేమీ కట్టక్కర్లేదు. నెలల తరబడి నడుస్తున్న యాడ్ వాళ్లకు పనిచేస్తోందని నా అంచనా. అలాంటివి శ్రద్ధగా చూడండి.

లెక్కలపుస్తకం:

26 అని తేల్చుకున్నారు, చాలా సంతోషం. కూలి కలిపారని చదవగానే మీ మీద నమ్మకం కలిగింది.

వెబ్‌సైట్ విషయంలో గీతలకాగితం గారు చెప్పింది నిజమే కానీ మీకు ఇప్పుడే వద్దు. ఇద్దరే కుడుతున్నారు, చాట్‌లో కొనుగోలుదారు అడిగే ప్రతి ప్రశ్నా మీకు తెలుస్తోంది. ఆ ప్రశ్నలే రేపు సైటులో రాయాల్సిన మాటలు. చాట్‌లకు జవాబివ్వడం చేతకానంతగా పెరిగినప్పుడు పెట్టుకోండి.

ఏజెన్సీకి లాగిన్ ఇవ్వకండి. ఎవరికీ ఇవ్వకండి. ఎవరితోనైనా పని చేయించుకోవాలంటే మెటా బిజినెస్ సెట్టింగ్స్‌లో పార్ట్‌నర్‌గా చేర్చి, వాళ్ల పనికి కావలసినంత వరకే అనుమతి ఇవ్వొచ్చు, ఎప్పుడైనా తీసేయొచ్చు. యాడ్ అకౌంట్ మీ పేరుమీదే ఉండాలి. లేకపోతే విడిపోయిన రోజు మీ యాడ్ చరిత్ర, ఆడియన్స్‌లు అన్నీ వాళ్ల దగ్గరే ఉండిపోతాయి. టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తోపాటు ఇంకో కోడ్ కూడా అడిగే పద్ధతి) ఈరోజే ఆన్ చేయండి. 'మీ పేజీ మూసేస్తున్నాం, ఈ లింకు నొక్కండి' అంటూ మెటా పేరుతో వచ్చే మెసేజ్‌లు నమ్మకండి. పదివేల ఫాలోవర్ల మాట వదిలేయండి, మీ లెక్కలో ఆ పద్దే లేదు.

ఇంకో పని. మీకు మెసేజ్ పెట్టినవాళ్లను, వీడియో చూసినవాళ్లను కస్టమ్ ఆడియన్స్‌గా, అంటే యాడ్ చూపించడానికి విడి గుంపుగా చేసుకోవచ్చు. ధర అడిగి వెళ్లిపోయినవాళ్లు అందులో ఉంటారు. రీలుబండి గారు చెప్పిన పట్టీ వీడియో ముందు వాళ్లకు చూపించండి. గుంపు చిన్నది కాబట్టి ఫ్రీక్వెన్సీ అనే కాలమ్ మీద కన్నేయండి. ఒకే మనిషికి సగటున ఎన్నిసార్లు కనిపించిందో చెప్పే అంకె అది. అది పెరుగుతూ మెసేజ్‌లు తగ్గుతుంటే యాడ్ మార్చాల్సిందే.

కుట్టుమిషను:

ఆఖరి ప్రశ్న అండీ. యాడ్ పనిచేయట్లేదని ఎప్పుడు ఆపేయాలి? నాకు రెండో రోజే చేయి ఆగదు.

లెక్కలపుస్తకం:

రోజులు లెక్కపెట్టకండి, ఖర్చు చూడండి. ఒక ఆర్డరుకు మీరు అనుకున్నది 13. ఒక యాడ్ మీద దానికి మూడింతలు, అంటే 39 దాకా ఖర్చయి ఒక్క ఆర్డరూ రాకపోతే ఆపేయండి. ఇది నేను పెట్టుకున్న గీత, మెటా నియమం కాదు. 39 లోపు అయితే అలాగే నడవనివ్వండి. ఆపేముందు ఆ యాడ్ నుంచి వచ్చిన చాట్‌లు మాత్రం ఒకసారి చదవండి. అందరూ ఒకే రంగు అడిగి, అది మీ దగ్గర లేక వెళ్లిపోయి ఉంటే మార్చాల్సింది యాడ్ కాదు, గుడ్డ ఆర్డరు.