16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ దగ్గర గీత తప్ప ఏమీ రావడం లేదు

చిన్నిబల్బు:
మధ్యాహ్నం నుంచి దీని ముందే కూర్చున్నాను. బ్రెడ్‌బోర్డు మీద ఏటీమెగా328పీ మైక్రోకంట్రోలర్ చిప్, దానికి క్లాక్ ఇవ్వడానికి 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, రెండు 22 పికోఫారడ్ కెపాసిటర్లు. స్కోప్ (సిగ్నల్ అలను తెర మీద చూపే ఆసిలోస్కోప్) పెడితే అడ్డగీత తప్ప ఏమీ లేదు. క్రిస్టల్ మార్చాను, కెపాసిటర్లు మార్చాను. కొట్టువాడు పాడైనవి అంటగట్టాడా?

ఎన్‌పీఎన్:
ఏ స్కోప్?

చిన్నిబల్బు:
మామూలుదేనండీ, డీఎస్‌ఓ138. కిట్ కొని నేనే సోల్డర్ చేసుకున్నాను.

ఎన్‌పీఎన్:
దాని బ్యాండ్‌విడ్త్, అంటే అది చూపగల ఫ్రీక్వెన్సీ హద్దు, 200 కిలోహెర్ట్జ్. ఇంకేం కనిపిస్తుంది?

పాతరేడియో:
కుర్రవాళ్లకు ఒక హెచ్చరిక. స్కోప్ కొనగానే ఛార్జరు విప్పి అందులో ప్రోబు పెడతారు. ఈ బుల్లి స్కోప్ 50 వోల్టులు దాటితే తట్టుకోదు. పెద్ద స్కోపుల్లో ప్రోబు మొసలి క్లిప్పు నేరుగా ఎర్తుకే కలిసి ఉంటుంది. మెయిన్స్ వైపు తగిలించారా, షార్టే. డిఫరెన్షియల్ ప్రోబు (ఎర్తుతో కలపకుండా రెండు చోట్ల మధ్య వోల్టేజీ కొలిచేది) లేనిదే ఆ పని పెట్టుకోకండి.

చిన్నిబల్బు:
నాది 5 వోల్టుల సర్క్యూటండీ. స్కోప్‌కు 1 మెగా అని రాసి ఉంది, కాస్తయినా కనబడాలి కదా?

త్రికోణం:
అది సెకనుకు తీసే శాంపిళ్ల లెక్క. 16 మెగాహెర్ట్జ్ దానికి సరిగ్గా 16 రెట్లు కాబట్టి ప్రతి శాంపిలూ అలలో దాదాపు ఒకే చోట పడుతుంది. వచ్చేది గీతే.

ఎన్‌పీఎన్:
శాంపిళ్ల దాకా ఎక్కడ? ముందున్న యాంప్లిఫయరే మింగేస్తుంది.

త్రికోణం:
సరే, రెండూ. మంచి స్కోప్ ఉన్నా ప్రోబును 1ఎక్స్‌లో (సిగ్నల్‌ను తగ్గించకుండా నేరుగా పంపే స్థానంలో) పెడితే కేబుల్ కెపాసిటెన్స్‌కే క్రిస్టల్ ఆగిపోవచ్చు. అలాగని దీన్ని బొమ్మ అని తీసిపారేయకండి. సెకనుకు 9600 బిట్ల సీరియల్‌లో ఒక్కో బిట్టు 104 మైక్రోసెకన్లు, శుభ్రంగా చూపిస్తుంది. ఇంతకీ చిప్ పనిచేస్తోందా?

చిన్నిబల్బు:
చేస్తోంది. ఎల్‌ఈడీ సెకనుకు మారాల్సింది పదహారు సెకన్లకు మారుతోంది. అందుకే కదా క్రిస్టల్ మీద అనుమానం!

ఎన్‌పీఎన్:
ఇది మొదటే చెప్పాలి.

త్రికోణం:
కొత్త చిప్పా? ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు అది లోపలి 8 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్‌ను 8తో భాగించుకుని 1 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. క్రిస్టల్ వైపు చూడనే చూడదు. 15వ కాలు, అంటే ఆర్డుయినో లెక్కలో 9వ పిన్ను మీద పీడబ్ల్యూఎం (వేగంగా ఆన్-ఆఫ్ అయ్యే పల్సులు) పెట్టి చూడండి. 16 మీద నడుస్తుంటే 490 హెర్ట్జ్, లేకుంటే 31 దగ్గర వస్తుంది. మీ స్కోప్ చేయగలిగిన పని ఇది. 31 వస్తే ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లో ఉనో బోర్డు ఎంచుకుని ‘బర్న్ బూట్‌లోడర్’ నొక్కండి, ఫ్యూజులు, అంటే ఏ క్లాక్ వాడాలో చిప్‌కు చెప్పే సెట్టింగులు, మారతాయి. ప్రోగ్రామరుతో కోడ్ ఎక్కించినంత మాత్రాన మారవు.

పాతరేడియో:
మెయిన్స్ సంగతి ఎవరికీ పట్టదేమిటి?

చిన్నిబల్బు:
31 వచ్చింది. బూట్‌లోడర్ సంగతి రేపు చూస్తాను, ఇక్కడ కరెంటు పోయింది. థాంక్స్.