మూడో చుట్టులో కుడి డొక్కలో వచ్చే పోటును ఎలా నివారించాలి?

కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్ష కోసం రోజూ ఉదయం 5.30 గంటలకు 400 మీటర్ల మైదానంలో 1600 మీటర్ల పరుగు సాధన చేస్తున్నాను. మొదటి రెండు చుట్లు ఏ ఇబ్బందీ లేకుండా పూర్తవుతాయి కానీ, మూడో చుట్టు మొదలైన కాసేపటికే కుడివైపు చివరి పక్కటెముక కింద సూదితో గుచ్చినట్లు పోటు మొదలై, గాలి లోపలికి పీల్చిన ప్రతిసారీ పెరుగుతూ, ఒక్కోసారి కుడి భుజం కొన వరకూ పాకుతుంది. ఆగితే మూడు నాలుగు నిమిషాల్లో పూర్తిగా తగ్గిపోతుంది. వైద్యుడు పరీక్షించి వేరే జబ్బేమీ లేదని చెప్పారు.

పరుగుకు గంట ముందు తాగే రాగి జావను మూడు వారాల క్రితమే మానేశాను. నీళ్లు కూడా రెండు గుక్కలకు మించి తాగడం లేదు. పది నిమిషాలు నెమ్మదిగా పరుగెత్తి ఒళ్లు వేడెక్కాకే వేగం పెంచుతున్నాను. ఎడమ కాలు నేలను తాకినప్పుడు ఊపిరి వదలమని ఒక సీనియర్ చెబితే పది రోజులు పాటించాను, తేడా కనిపించలేదు. నొప్పి ఉన్నచోట రెండు వేళ్లతో గట్టిగా నొక్కి, ముందుకు వంగి, పెదవులు సున్నాలా చుట్టి గాలి వదిలితే మాత్రం కొంత ఉపశమనం కలుగుతోంది. అయితే అలా చేయడానికి వేగం తగ్గించాల్సి రావడంతో దాదాపు 40 సెకన్లు పోతున్నాయి, పరీక్షలో అది చాలా పెద్ద నష్టం.

ఇదే ఇబ్బందిని అధిగమించినవారు, మూడో చుట్టులో పోటు అసలు రాకుండా మీ సాధనలో చేసిన ఏ మార్పు ఫలించిందో దయచేసి చెప్పగలరా?