అప్‌డేట్: విల్లీస్ ట్రక్కు ఇంజన్ వణుకు తగ్గింది

పాత విల్లీస్ ట్రక్కులోని నాలుగు సిలిండర్ల ఎఫ్-134 ఇంజన్ ఐడ్లింగ్‌లో వణుకుతోందని, ఎత్తు ఎక్కేటప్పుడు లాగడం లేదని ఇంతకుముందు అడిగాను; పిస్టన్ చుట్టూ ఉండి గ్యాసు కిందికి జారకుండా ఆపే రింగులు అరిగి ఉంటాయని ఎక్కువమంది అన్నారు. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకుపోయే ఒత్తిడి) గేజితో చూపిస్తే ఒకటి, నాలుగు సిలిండర్లలో 110 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) వచ్చింది కానీ, పక్కపక్కనే ఉన్న రెండు, మూడింటిలో 60 దాటలేదు. రింగులే అరిగితే ఆయిల్ ఆ సందును మూసి ఒత్తిడి పెరగాలి; ప్లగ్ రంధ్రంలో కాస్త ఆయిల్ పోసి మళ్లీ చూసినా గేజి ముల్లు పైకి లేవలేదు కాబట్టి అనుమానం రింగుల మీది నుంచి హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకు, పైనున్న హెడ్‌కు మధ్య ఒత్తిడి బయటికి పోకుండా ఉంచే పొర) మీదికి మళ్లింది.

ఈ ఇంజన్‌లో ఒక హెడ్ బోల్టు కార్బురేటర్ కింద, గాలి లోపలికి వెళ్లే దారిలోనే దాగి ఉంటుంది. అది తీయకుండా సుత్తితో కొట్టి హెడ్ లేపబోతే పగుళ్లు తప్పవు. లోపల గ్యాస్కెట్ ఆ రెండు సిలిండర్ల మధ్య వేలి వెడల్పున నల్లగా కాలిపోయి ఉంది. హెడ్‌కు ఫేసింగ్ చేయించి (అడుగు భాగాన్ని మెషిన్‌పై చదును చేయించి), సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరికిన గ్యాస్కెట్ వేసి, బోల్టులను మధ్య నుంచి అంచులకు విడతలవారీగా 65 అడుగు-పౌండ్ల వరకు బిగించాము. ఇన్‌టేక్ వాల్వులు హెడ్‌లోను, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులోను ఉంటాయి కనుక ట్యాపెట్ గ్యాపు (వాల్వుకు, దాన్ని నెట్టే భాగానికి మధ్య సందు) రెండుచోట్లా విడివిడిగా సరిచేయవలసి వచ్చింది.

ఇప్పుడు నాలుగు సిలిండర్లూ దాదాపు సమానంగా చూపిస్తున్నాయి. కొంత తిరిగాక, ఇంజన్ చల్లారి ఉన్నప్పుడు బోల్టులన్నీ మరోసారి చూడాలి. దాగిన బోల్టు కోసం కార్బురేటర్‌ను మళ్లీ విప్పక తప్పదు.