లేత ఆకులు పాలిపోతున్నాయి, యూరియా వేసినా మార్పు లేదు

ప్రశ్న: వేరుశనగలో చిగురాకులు తెల్లబోతున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. వృక్షశాస్త్రం చదివినవాళ్లు ఎవరైనా చెప్పండి.

జవాబు: యూరియా ఆపండి, అది ఇచ్చేది నత్రజని. నత్రజని తగ్గితే మొక్క ముదురాకుల్లోంచి లాగి చిగురుకు పంపుకుంటుంది, అందుకే ముందు కింది ఆకులు పండుతాయి. ఇనుము అలా కదలదు, లోపం చిగురులోనే కనబడుతుంది. మీది అదే. సున్నపు నేలల్లో ఎక్కువ. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి పిచికారీ చేయండి.

ఇంకోటి, ఒక మొక్క పీకి వేరుబుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగుంటే గాలిలోని నత్రజని అక్కడే మొక్కకు పనికొచ్చేలా మారుతున్నట్టు. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

ప్రశ్న అడిగినవారు: చీల్చానండీ, గులాబీ రంగే! రేపు మధ్యాహ్నం కొడతాను.

మరొకరు: ఎండలో వద్దు, ఆకు మాడుతుంది. సాయంత్రం కొట్టండి.