మహిళా శాంతి కమిటీ పేర్లు బయటపెట్టాలా?

నిదానం:
రెండు మతాలున్న ఊళ్లో ఆడవాళ్లు శాంతి కమిటీ పెట్టుకుంటే బోర్డు కట్టి పేర్లు ప్రకటించాలంటున్నారు. వద్దంటాను. పుకారు ఆపడం గుమ్మాల దగ్గర జరిగే పని. కబురు తెచ్చిన మనిషిని ముందు అడగాల్సింది: ఎవరు చూశారు, ఎక్కడ, ఎప్పుడు, నీకెవరు చెప్పారు? తర్వాత అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు కలిసి వెళ్లి కళ్లారా చూసి రావాలి. ఒక్కరే వెళ్తే 'మీవాళ్లను వెనకేసుకొస్తున్నావు' అంటారు. చూసింది తలా ఐదారిళ్లకు చెప్పాలి. పేర్లు బయటపడ్డాయా, పోలీసులకు కబుర్లు మోస్తారన్న ముద్ర పడుతుంది. ఆ తర్వాత ఏ గుమ్మమూ తెరుచుకోదు.

ఎదురీత:
గుమ్మాల పని సరే, ఆయుధాలు బయటికొచ్చాక? పశ్చిమాఫ్రికాలోని లైబీరియాలో అంతర్యుద్ధం సాగుతుండగా 2003లో శాంతి ఉద్యమకారిణి లేమా గ్బోవీ వాళ్లు క్రైస్తవ, ముస్లిం స్త్రీలను కలిపి తెల్లబట్టల్లో రోడ్డుమీదే కూర్చోబెట్టారు. ఘనాలో శాంతి చర్చలు సాగకపోతే హాలు తలుపులకు అడ్డం కూర్చున్నారు. ఆగస్టులో ఒప్పందం కుదిరింది. దాక్కుని ఉంటే ఎవరు లెక్కచేసేవారు?

నిదానం:
అది దేశం మొత్తానికి సంబంధించిన యుద్ధం. రాజధానిలో గుంపులో ఒకరిగా కూర్చోవడం వేరు, తెల్లారితే అదే బావి దగ్గర అవే మొహాలు చూడాల్సిన ఊరు వేరు.

లెక్కమనిషి:
ఇద్దరూ వజీర్ అనే ఊరిని వదిలేశారు. కెన్యా ఈశాన్యంలో 1990ల తొలినాళ్ల మాట. అక్కడి తగాదా మతాలది కాదు, సోమాలీ తెగలది, అయినా పద్ధతి పనికొస్తుంది. అక్కడి మహిళ డేఖా ఇబ్రహీం అబ్ది, ఆమె తోటివాళ్లు మొదలుపెట్టింది సంతలో: ఏ తెగ స్త్రీ అయినా ఎవరికైనా అమ్మవచ్చు, ఎవరిదగ్గరైనా కొనవచ్చు. అమలు చూసే మనుషులూ సంతలోని ఆడవాళ్లే. పని అందరికీ కనబడేదే, దానికి బోర్డెందుకు? పెద్దలనూ యువకులనూ తర్వాత కలుపుకున్నారు. మగపిల్లలను వదిలేస్తే ఏ కమిటీ అయినా మొదటి ఊరేగింపుకే చతికిలబడుతుంది.

ఎదురీత:
ఒప్పుకుంటాను, సగమే. అధికారులు శాంతి సమావేశానికి పిలిచేది పేరున్నవాళ్లనే. ఇరువైపుల నుంచి సమానంగా నలుగురి పేర్లయినా ఇవ్వాలి, ఇంటింటికీ తిరిగేవాళ్లవి ఇవ్వక్కర్లేదు.

నిదానం:
ఆ నలుగురూ ఫోన్ గ్రూపుల్లో ఖండనలు పెట్టకుండా చూడండి. ఓ గోడ పడిందనుకోండి, 'గోడ వాళ్లు కూల్చలేదు' అని రాస్తే, వినని వాళ్ల చెవిన కూడా పుకారు పడుతుంది. 'ట్రాక్టరు తగిలి గోడ పడింది, రేపు కడుతున్నారు' అని రాస్తే చాలు.